తొలి మంచులో తుంగనాథ్

ఉత్తరాఖండ్‌లో చోప్తా నుంచి తుంగనాథ్ గుడికి, ఆపైన చంద్రశిల శిఖరానికి ఒక్క రోజులో ఎక్కి దిగవచ్చు. మన తెలుగు యాత్రికులూ వెళ్తుంటారు. అక్టోబరులో ఒక్కోసారి ముందుగానే మంచు పడుతుంది. అప్పుడు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఎందుకంటారా? మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి రాళ్లను తడుపుతుంది. పొద్దు వాలగానే ఆ తడే గడ్డకట్టి, కంటికి ఆనని పలచని పొరవుతుంది. శరత్కాలంలో పొద్దు త్వరగా వాలుతుంది. అప్పటికే కాళ్లు అలిసి ఉంటాయి.

గుడిదాకా రాళ్లు పరిచిన దారేగా, భయమెందుకు అనవచ్చు. నిజమే, దారి తప్పే ప్రమాదం తక్కువ. కానీ నున్నబడ్డ రాతి మీదే కాలు ఇట్టే జారుతుంది. గుడి దాటాక ఆ దారీ ఉండదు. ఇంత దూరం వచ్చి శిఖరం చూడకుండా తిరిగి రావాలా అనీ అడగవచ్చు. గుడే దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో చలి, అలసట, పలచని గాలి కలిస్తే ఆలోచన మందగిస్తుంది. అందుకే ఎప్పుడు వెనుదిరగాలన్న నిర్ణయం కిందే జరగాలి. పట్టున్న బూట్లు, చేతికర్ర, ఉన్ని దుస్తులు తీసుకెళ్లండి. బయలుదేరే ముందే వెనుదిరిగే వేళ పెట్టుకోండి. మళ్లీ చెబుతున్నాను: శిఖరం అందినా అందకపోయినా, ఆ వేళకు వెనుదిరగండి.