నలభై శాతానికి ఇవతల నిలిచినవారు

(ఏలూరులో జరిగిన దీర్ఘరోగుల, దివ్యాంగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో చాలామంది తమ కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చారు. వాటిలో కొన్నింటి మీద నలభైకి తక్కువైన ఒక అంకె ఉన్నది. ఆ అంకె వల్ల పింఛను రాలేదు, లేదా వస్తున్న పింఛను ఆగుతుందని నోటీసు వచ్చింది. ఆ కాగితం చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి, దానిని అందుకున్న రోగి, అతని కుటుంబం, మన మొహల్లా ఏం చేయాలి అన్న విషయాలే ఈ రోజు మీ ముందు ఉంచుతాను.

మొదట జరిగినది గుర్తు చేసుకుందాం. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా పథకం కింద 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 రూపాయల నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000, డయాలసిస్ చేయించుకుంటున్న కిడ్నీ రోగులకు 10,000 రూపాయలు నిర్ణయించారు. 2025 జనవరి నుంచి ఈ పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది. తొలుత వైద్య బృందాలు మంచాన పడినవారి ఇళ్ళకు వెళ్ళాయి, తరువాత మిగిలినవారిని ఆసుపత్రులకు పిలిచారు. ఆ ఏడాది ఆగస్టులో రాష్ట్రమంతటా లక్షకు పైగా నోటీసులు వెళ్ళాయి. దివ్యాంగులు రోడ్డెక్కిన తరువాత, అప్పీలు చేసుకున్నవారికి తిరిగి పరీక్ష జరిపిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

దొంగ సర్టిఫికెట్లు ఏరివేయడానికే ఈ పని అన్నారు. దొంగ సర్టిఫికెట్లు లేవని నేను అనను. దళారులకు డబ్బు కట్టి శాతం కొనుక్కున్నవారు నిజమైన రోగి పళ్ళెంలోని అన్నమే తిన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 91వ సెక్షన్ ప్రకారం అది రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడగల నేరం. కానీ అంకె తక్కువ వచ్చిన ప్రతి మనిషినీ వీధి అరుగు మీద కూర్చున్నవారు ‘దొంగ రోగి’ అంటున్నారే, ఆ మాటకు చట్టంలో ఆధారం లేదు, దీనులో అంతకన్నా లేదు.

చట్టం చెప్పేది ఏమిటో చూద్దాం. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం వాటిని ఇరవై ఒకటికి పెంచింది. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, పార్కిన్సన్స్ వంటివి ఇందులో చేరాయి. అయితే షుగరు, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ జబ్బు ఆ జాబితాలో వాటి పేరుతో లేవు. షుగరు వల్ల కాలు తీసివేస్తే అది చలన వైకల్యం కింద లెక్కకు వస్తుంది. చూపు పోతే దృష్టి వైకల్యం కింద వస్తుంది. కాలూ కన్నూ మిగిలి ఉండి, మనిషి మాత్రం రోజులో సగం మంచం మీద ఉంటే ఏ గడిలోకీ రాడు.

ఈ ఏలూరు తివాచీలకు పేరుబడిన ఊరు. తరతరాలుగా ఆ నేత మన ముస్లిం కుటుంబాల చేతుల్లోనే ఉన్నది. మగ్గం ముందు జీవితమంతా వంగి కూర్చున్న మనిషికి నడుము పట్టేసి, ఉన్ని ధూళికి దగ్గు పట్టిందనుకోండి. పరీక్షలో కీలు ఎంత వంగుతుందో, కండరంలో ఎంత బలమున్నదో చూస్తారు. దగ్గును ఆ లెక్కలో చూడరు. ఆ నేతగానికి ఇరవై శాతమో ముప్పై శాతమో వస్తే దానికి అర్థం ఒక్కటే: ఆ నిబంధన ప్రకారం ఆ రోజు కొలిచిన అంగానికి వచ్చిన కొలత అది. అతడు పని చేయగలడనీ, అబద్ధమాడాడనీ ఆ అంకె చెప్పడం లేదు.

వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ తేడానే స్పష్టం చేసింది. నలభై శాతం అనేది కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకు చట్టం పెట్టిన హద్దు. దానికి ఇవతల ఉన్న మనిషి కూడా వైకల్యం ఉన్న మనిషి కావచ్చు, అతనికి తగిన వెసులుబాటు కల్పించవలసిన బాధ్యత పోదు అని ఆ తీర్పు సారం. పింఛను ఆ తీర్పుతో వచ్చి పడదు. కాని మీ పరువు మాత్రం ఆ అంకెతో పోలేదని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం మాట వల్లనే తెలుస్తున్నది.

కాగితంలో పేరు లేనంత మాత్రాన రోగం లేకుండా పోదని ఏలూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరు 5న ఈ పట్టణం వన్ టౌనులో మొదలై, కొద్ది రోజుల్లోనే వందల మంది మూర్ఛలతో ఆసుపత్రికి చేరారు. అప్పుడు ఆ జబ్బుకు పేరే లేదు. దేశమంతా దానిని ‘అంతుచిక్కని వ్యాధి’ అన్నది. తరువాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు తేలింది. పేరు తెలిసే దాకా ఆ తల్లుల ఒడిలో పిల్లల మూర్ఛలు ఆగి నిలబడలేదు కదా!

దివ్య ఖుర్ఆన్‌లో నూర్ సూరాలోనూ, ఫతహ్ సూరాలోనూ అల్లాహ్ మినహాయింపు పొందినవారిని పేర్కొన్నప్పుడు అంధుణ్ణి, కుంటివాణ్ణి, రోగిని ఒకే వరుసలో నిలబెట్టాడు. మన చట్టం మొదటి ఇద్దరినీ లోపలికి పిలిచి, మూడో మనిషిని చాలాసార్లు గుమ్మం బయటే ఉంచుతున్నది. దీర్ఘరోగి కోసం మనం అడగవలసిన మార్పు అదే: అంగాన్ని మాత్రమే కాక, ఆ మనిషి రోజు ఎలా గడుస్తున్నదో కూడా కొలవాలి. ఈ కోరిక వినతిపత్రాల్లో, సభల్లో, మన ప్రతినిధుల ముందు పదే పదే పెట్టాలి.

ఆ మార్పు వచ్చే దాకా చేతిలో ఉన్న కాగితంతో ఏం చేయాలి?

ఒకటి. తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా అడగండి. సర్టిఫికెట్‌కు అర్హత లేదని తేలితే ఆ కారణాలను దరఖాస్తుదారుకు లిఖితంగా తెలపాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. నోటిమాటతో వెనుదిరగకండి. పరీక్ష పత్రాల నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ దరఖాస్తుకు రుసుము లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

రెండు. అప్పీలు చేయండి. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. పింఛను నోటీసు వచ్చినవారు గ్రామాల్లో ఎంపీడీవో వద్ద, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ వద్ద అర్జీ పెట్టుకోవాలి. నోటీసులో రాసిన గడువును గోడమీద క్యాలెండరులో గుర్తు పెట్టండి. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. అరవై ఏళ్ళు దాటినవారికి వృద్ధాప్య పింఛనుకు అర్హత ఉన్నదేమో విచారించండి. అది 4,000 రూపాయలు. అది తీసుకున్నా అప్పీలు మానవద్దు.

మూడు. జిల్లా సరిగ్గా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. తాడేపల్లిగూడెం, ఆకివీడు వారికి ఇప్పుడు కలెక్టరేటు భీమవరంలో. కైకలూరు వారు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చారు. పాత సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, కొత్త అర్జీ మీద మరొక జిల్లా ఉంటే గుమాస్తా ఫైలు పక్కన పెట్టేస్తాడు. ముందే ఒక వాక్యం రాసి వివరించండి.

నాలుగు. పేర్లు సరిచూసుకోండి. ఇది మన ఇళ్ళలో ప్రత్యేకమైన చిక్కు. ఒకే తల్లి ఆధార్‌లో బేగం, రేషన్ కార్డులో బీబీ, ఆసుపత్రి చీటీలో ఉన్నీసా. షేక్ అన్న ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట రెండు అక్షరాలుగా. మనిషి ఒకరే అయినా కంప్యూటరుకు ముగ్గురు కనిపిస్తారు. రోగం ముదరక ముందే, అర్జీ పెట్టక ముందే ఇది సరిచేయించండి.

ఐదు. ఉచిత న్యాయసహాయం తీసుకోండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళలేనివారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇక్కడ మా అమ్మలకు, అక్కలకు ఒక మాట. డాక్టరు ‘ఎలా ఉన్నారమ్మా?’ అని అడగగానే మన నోటికి అలవాటుగా వచ్చే జవాబు ‘అల్‌హందులిల్లాహ్, బాగానే ఉన్నాను’. ఉతికిన చీర కట్టుకుని, నొప్పి బిళ్ళ వేసుకుని, ఆ ఒక్క గంటకు బలమంతా కూడగట్టుకుని వెళతాం. డాక్టరు చూసేది ఆ ఒక్క గంటనే. అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పండి, ఆ వెంటనే ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పండి. అయ్యూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) సహనానికి మారుపేరు. ఆయన కూడా తనకు బాధ కలిగిందని ప్రభువుకు విన్నవించుకున్నారు. బాధను చెప్పుకోవడం సహనానికి విరుద్ధమైతే ఆయన ఆ మాట అనేవారు కారు. వెళ్ళే ముందు ఒక వారం రోజులు చిన్న పుస్తకంలో రాయించండి: వజూకు ఎవరి సాయం కావలసి వచ్చింది, సజ్దా నుంచి లేవగలిగారా, కుర్చీలో నమాజు చేశారా, బిందె ఎత్తగలిగారా, ఎన్ని రోజులు పడుకునే ఉన్నారు. పెంచి రాయకండి, తగ్గించీ రాయకండి. సాక్ష్యం ఇచ్చేటప్పుడు ఎంత నిజాయితీ కావాలో ఇక్కడా అంతే కావాలి.

కుటుంబాలకు మరొక మాట. తిరస్కరణ కాగితం వచ్చిన రోజున రోగి ముందు డబ్బు లెక్కలు వేయకండి. ఆ 6,000 రూపాయలు మందులకు, ఆటోకు, మనవరాలి చేతిలో పెట్టే పది రూపాయలకు సరిపోయేవి. ఆ డబ్బుతో పాటు ‘నేనూ ఈ ఇంటికి కొంత తెస్తున్నాను’ అన్న ధైర్యం కూడా పోతుంది. అలాంటి మనిషి ఖర్చు తగ్గించాలని చెప్పకుండా మందులు మానేస్తాడు. అది కనిపెట్టి ఉండండి. బిళ్ళలు లెక్కపెట్టండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికేవి అక్కడ తీసుకోండి, మిగిలినవి జన ఔషధి దుకాణంలో అడగండి. రోగిని ఒకే వారంలో నాలుగు కార్యాలయాలు తిప్పకండి. మనిషి తప్పక కావలసిన చోటికే రోగిని తీసుకువెళ్ళి, కాగితం చాలిన చోటికి కుటుంబంలో మరొకరు వెళ్ళండి.

చివరిగా మసీదు కమిటీల పెద్దలకు. ‘హక్కు’ అని మనం తెలుగులో రోజూ వాడే మాట అరబీ ‘హఖ్’ నుంచి వచ్చినదే. సంపన్నుల ధనంలో అడిగేవారికీ, అడగలేక వంచితులైనవారికీ హఖ్ ఉన్నదని ఖుర్ఆన్ చెప్పింది. అడిగేవాణ్ణి సాయిల్ అన్నది, వంచితుణ్ణి మహ్రూమ్ అన్నది. సాయిల్ మన గుమ్మం ముందుకు వస్తాడు, రంజాన్‌లో ఏదో ఒకటి ఇస్తాం. మహ్రూమ్ ఇంట్లో మంచం మీద ఉంటాడు. అతణ్ణి వెతుక్కుంటూ మనమే వెళ్ళాలి.

అప్పీలు తేలే దాకా ఆ ఇంటికి జకాత్ నుంచో, ఖర్జె హసనా నుంచో ఆసరా ఇవ్వడం మన విధి. కాని జకాత్ ఇచ్చాం కాబట్టి ఇక ప్రభుత్వాన్ని అడగనక్కరలేదని అనుకుంటే, ఆ రోగికి చట్టం ఇచ్చిన హఖ్‌ను మన చేతులతోనే వదిలేసినట్టవుతుంది. చట్టంలోని 24వ సెక్షన్ దివ్యాంగుల సామాజిక భద్రతను ప్రభుత్వ బాధ్యతగా చేసింది. పైగా వారికిచ్చే సాయం ఇతరులకిచ్చే అటువంటి సాయం కన్నా కనీసం ఇరవై ఐదు శాతం ఎక్కువ ఉండాలన్నది. అది దయ కింద వచ్చే సొమ్ము కాదు.

అందువల్ల ప్రతి మసీదుకూ నేను అడిగేది మూడు పనులు. జుమా తరువాత ఒక గంట, చదువుకున్న ఇద్దరు యువకులు ఒక బల్ల దగ్గర కూర్చుని అర్జీలు రాసిపెట్టాలి. వారిలో ఒకరు సోదరి అయితే పర్దాలో ఉండే తల్లులు మొహమాటం లేకుండా తమ రోగం చెప్పుకోగలుగుతారు. రెండు, మొహల్లాలోని దీర్ఘరోగుల పేర్లు, అప్పీలు గడువులు ఒక రిజిస్టరులో ఉండాలి. ఆ రిజిస్టరు మతం చూడకూడదు. పక్కవీధిలోని హిందూ, క్రైస్తవ రోగి కూడా మన పొరుగువాడే. మూడు, సదరం పరీక్షకు వెళ్ళే ఏ రోగీ ఒంటరిగా వెళ్ళకూడదు. కొల్లేటి లంకల నుంచి ఏలూరు దాకా ఒకే ఆటోలో నలుగురిని తీసుకువెళ్ళవచ్చు.

దైవప్రవక్త (స) మదీనా వదిలి వెళ్ళినప్పుడు పలుమార్లు ఆ నగరంలో తమ ప్రతినిధిగా నియమించినది చూపులేని సహాబీ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర)ను. అబస సూరా అవతరించినది ఆయన విషయంలోనే. అడగడానికి వచ్చిన ఆ మనిషి నుంచి ముఖం తిప్పుకోవద్దని అల్లాహ్ తన ప్రవక్తకే నేర్పాడు. ఈ సభ ముగిశాక బయట వేసిన బల్ల దగ్గర మన యువకులు కూర్చుంటారు. కాగితాలు తెచ్చినవారు దయచేసి చూపించి వెళ్ళండి. గడువు దగ్గరపడినవారిని ముందుగా పంపండి.