పాట విన్నాకే అడుగు

ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమందికి నృత్యమో నాటకమో వృత్తి కనుక, బర్లెస్క్ పరిచయానికి ఎక్కువ సమయం తీసుకోను. పెద్ద కథలను వేళాకోళం చేస్తూ పాట, ఆట కలిపి నడిపే ఇంగ్లండు నాటక ప్రక్రియ అది. 1868లో లిడియా థాంప్సన్ తన బృందంతో న్యూయార్క్ వచ్చి ‘ఇక్సియాన్’ ఆడింది. గ్రీకు పురాణ కథ, మగవేషాల్లో ఆడవాళ్లు, జనం నోట నానిన బాణీలకు కొత్త మాటలు. దుస్తులు ఒక్కొక్కటిగా తీసే స్ట్రిప్‌టీజ్ అందులోకి చాలా తర్వాత వచ్చి చేరింది. తెలిసిన బాణీ వినిపించగానే ప్రేక్షకుడు తర్వాత ఏం వస్తుందో ఊహించుకుంటాడు. ఆ ఊహతో ఆడుకోవడమే బర్లెస్క్ పని. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఈ రోజు నా అంశం ఒక్కటే. సంగీతం ఎంచుకున్నాక అందులోంచి యాక్ట్ ఎలా తయారవుతుంది?

పాత అమెరికన్ బర్లెస్క్ థియేటర్లలో వేదిక ముందు వాద్యబృందం కూర్చునేది. డ్రమ్మర్ కళ్లు డాన్సర్ మీదే ఉండేవి. ఆమె నడుము విసిరిన క్షణానికి అతని కర్ర డ్రమ్ము మీద పడాలి. ఆమె ఆగి జనం వైపు చూస్తే అతనూ ఆగాలి. 1937లో, లా గార్డియా మేయరుగా ఉండగా, న్యూయార్క్ నగరం బర్లెస్క్ థియేటర్ల లైసెన్సులు పొడిగించడానికి నిరాకరించింది. కాలక్రమంలో ఆ థియేటర్లూ పోయాయి, ఆ వాద్యబృందాలూ పోయాయి. 1990ల్లో ఈ కళను మళ్లీ చేపట్టిన వాళ్లలో చాలామందికి మిగిలింది రికార్డు చేసిన ట్రాకు. ట్రాకుకు కళ్లుండవు. చేతి తొడుగు వేలికి ఇరుక్కుంటే అది ఆగదు. అందుకే ఈనాటి కళాకారిణి సంగీతాన్ని పాత తరం కన్నా లోతుగా వినాలి. డ్రమ్మర్ ఆమెకు చేసిన పనిని ఇప్పుడు ఆమే సంగీతానికి చేయాలి.

లోతుగా వినడానికి ఉదాహరణగా డాన్సర్ శాలీ రాండ్ సంగతి చూడండి. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె రెండు పెద్ద నిప్పుకోడి ఈకల విసనకర్రలతో చేసిన నృత్యం దేశమంతా మారుమోగింది. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు కూడా. బర్లెస్క్ అంటే బాకాలు, డ్రమ్ముల మోత అనుకునే రోజుల్లో ఆమె ఎంచుకున్నది స్వరకర్త డెబస్సీ పియానో కోసం రాసిన ‘క్లేర్ ద లూన్’. 1905లో అచ్చయిన ‘స్వీట్ బెర్గమాస్క్’లో అది మూడో భాగం. ఆ ఎంపికే నాకు గొప్పగా కనిపిస్తుంది.

ఒకసారి డాన్సర్ చెవితో దాన్ని వినండి. మన లెక్కలో చెబితే మూడు దెబ్బలు, ఒక్కో దెబ్బకు మూడు అక్షరాలు, తిస్ర గతి. కానీ వింటుంటే తాళం చేతికి దొరకదు. స్వరాలు దెబ్బను దాటి సాగిపోతాయి, అసలు దెబ్బ మీద చాలాచోట్ల ఏమీ పడదు. లయ ఉంది, కనిపించదు. ఈకల వెనక మనిషి ఉంది, కనిపించదు! ఒక విసనకర్ర దిగేలోపు రెండోది లేచి అడ్డొస్తుంది. సంగీతం ఏం చేస్తోందో ఆమె చేతులూ అదే చేస్తున్నాయి. మధ్యలో ఎడమచేతి స్వరాలు అలలుగా కదలడం మొదలవుతుంది, ధ్వని కాస్త పెరుగుతుంది, మళ్లీ తగ్గి మొదటి బాణీ తిరిగి వస్తుంది, చివరికి మెల్లగా ఆరిపోతుంది. రివీల్, అంటే దాచింది చూపే క్షణం, ఎక్కడ పెట్టాలి? తొందరపడేవాళ్లు ధ్వని పెరిగిన చోట పెడతారు. నేనైతే మొదటి బాణీ తిరిగి వచ్చిన తర్వాతే పెడతాను. జనం ఆ బాణీని గుర్తుపట్టి, ఇక కొత్తగా ఏమీ జరగదని నెమ్మదించే చోటు అది.

దీనికి పూర్తిగా ఎదురైనది డేవిడ్ రోజ్ వాద్యబృందం వాయించిన ‘ది స్ట్రిప్పర్’. బర్లెస్క్ అనగానే చాలామందికి గుర్తొచ్చే ట్రాంబోన్ జారుడు అదే. అది పాత థియేటర్ల నాటి సంగీతమని అనుకుంటారు. నిజానికి రోజ్ దాన్ని 1958లో రికార్డు చేశాడు, 1962లో విడుదలై అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి ఆ థియేటర్ల వైభవం ముగిసింది. వినడానికి నాకూ ఇష్టమే. యాక్టుకు మాత్రం కొత్తవాళ్లకు వద్దంటాను. నడుము ఎక్కడ విసరాలో, ఎక్కడ కన్ను గీటాలో అన్నీ ఆ బాకాలే చెప్పేస్తాయి. డాన్సర్‌కు చెప్పడానికి మాట మిగలదు.

ఇక పని దగ్గరికి వద్దాం. దుస్తుల జోలికి పోకముందు ట్రాకును కదలకుండా కూర్చుని వినాలి, అదీ చాలాసార్లు. కాగితం మీద నిమిషాలు, సెకన్లు వేసి ఎక్కడ బాణీ మారింది, ఎక్కడ వాద్యాలు ఆగాయి, ఎక్కడ కొత్త వాద్యం చేరింది గుర్తు పెట్టుకోవాలి. ఆగిన చోట్లు బంగారం. అక్కడ ఏమీ చేయకుండా నిలబడగలిగితే హాలు మీ చేతిలోకి వస్తుంది.

తర్వాత వెనక్కి లెక్కపెట్టాలి. మోచేయి దాటే శాటిన్ గ్లవ్ ఒకటి తీయాలనుకోండి. ఎనిమిదో లెక్క మీద సింబల్ మోగుతుంది, గ్లవ్ ఆ క్షణానికే గాల్లో ఉండాలి. అంటే ఏడో లెక్కకు అది వేళ్లనుంచి జారడానికి సిద్ధంగా ఉండాలి. అంతకు ముందు అయిదు వేళ్ల కొనలూ ఒక్కొక్కటి వదులు చేయాలి, వేలికి ఒక లెక్క. దానికీ ముందు మోచేతి పైనుంచి అంచును మడుస్తూ మణికట్టు దాకా దించాలి. దీనికి ఒక ఆవర్తం మొత్తం పడుతుంది. చెమట పట్టిన చేతికి శాటిన్ అంటుకుంటుంది, కాబట్టి సాధన పొడి చేతులతో చేస్తే సరిపోదు, వేడి లైట్ల కింద చేయాలి. హుక్కులు, జిప్పులు, ప్రెస్ బటన్లు, వీటన్నిటికీ ఇలాగే లెక్క కట్టాలి. పదాభినయం చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. పల్లవిలో ఒక్క పాదాన్ని పట్టుకుని ఎన్నో భావాలు చూపే ఓపికే ఇక్కడా కావాలి.

బర్లెస్క్ కళాకారిణి జిప్సీ రోజ్ లీ ఆ ఓపికతోనే పేరు తెచ్చుకుంది. ఆమె తీసింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. 1943లో వచ్చిన ‘స్టేజ్ డోర్ కాంటీన్’ సినిమాలో ఆమె అంకం చూడండి. వేదిక మీది స్త్రీ ఏం ఆలోచిస్తోందో మాటల్లో చెబుతూనే కొద్దికొద్దిగా ఆట నడుపుతుంది. ఏది చూపాలో, ఎప్పుడు చూపాలో నిర్ణయం ఆమెది. ఆ నిర్ణయం చేతిలో లేనప్పుడు అది బర్లెస్క్ కాదని నా గట్టి అభిప్రాయం.

మాటలున్న పాట ఎంచుకుంటే ప్రతి మాటకూ సైగ చేయకండి. మాట ఒకటి చెబుతుంటే ఒళ్లు ఇంకోటి చెప్పాలి, నవ్వు అక్కడే పుడుతుంది. పాట పొడుగైతే కత్తిరించండి, కాకపోతే వాక్యం పూర్తయిన చోటే కత్తిరించండి.

మిత్రులకు నా విన్నపం ఒకటే. ఈ వారం ఒక ట్రాకు ఎంచుకోండి. గుర్తులు పెట్టిన కాగితం పూర్తయ్యేదాకా అద్దం ముందు నిలబడకండి. వచ్చే సమావేశానికి ఆ కాగితంతో రండి, దుస్తుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.