డాక్టరు అడగని ప్రశ్న

(విద్యార్థుల అధ్యయన వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



పనిలో గాయపడ్డ కూలీలకు అందే నష్టపరిహారం మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ మాట అనగానే మనం యజమాని గురించో, ఇన్సూరెన్సు కంపెనీ గురించో, ఏళ్ల తరబడి వాయిదాల గురించో మాట్లాడతాం. ఈ రోజు నేను డాక్టరు గురించి మాట్లాడతాను. కూలీకి ఎంత వస్తుందన్నది చాలాసార్లు ఆయన రాసే ఒక అంకె మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి.

1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టం అయింది. దాని నియమాలను ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. అయినా డాక్టరు పాత్ర మారలేదు. మనకు అలవాటైన పాత సెక్షన్లతోనే చెప్తాను.

ఈ చట్టంలో వైద్యం మూడు చోట్ల ఎదురవుతుంది. మొదటిది సెక్షన్ 11. ప్రమాదం గురించి కూలీ నోటీసు ఇచ్చాక మూడు రోజుల్లోపు యజమాని తన ఖర్చుతో డాక్టరు చేత పరీక్ష చేయిస్తానంటే కూలీ ఒప్పుకోవాలి. కాదంటే పరిహారం హక్కు ఆగిపోతుంది. అంటే గాయాన్ని మొదట చూసే డాక్టరును ఎంచుకునేది యజమాని.

రెండోది సెక్షన్ 4(2ఎ). 2009 సవరణతో వచ్చింది. చికిత్సకు అయిన అసలు ఖర్చును కూలీకి తిరిగి చెల్లించాలంటుంది. మంచి నియమమే. కానీ తిరిగి చెల్లించడమంటే ముందు కూలీ పెట్టుకోవాలి. చేతిలో డబ్బు లేనివాడు వడ్డీకి తేవాలి, లేదా వైద్యం మధ్యలో ఆపాలి. వైద్యం ఆపినవాడికి చూపించడానికి బిల్లులు కూడా ఉండవు.

మూడోది శాతం. షెడ్యూల్ 1లో ఏ అవయవం పోతే ఎంత అని పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. ఏకలవ్యుడు ఇవాళ క్లెయిమ్ వేసినా పట్టిక ప్రకారం అతనికి దక్కేది ఆ 30 శాతమే. విలుకాడికి బొటనవేలు లేకపోతే ఏం మిగులుతుందని పట్టిక అడగదు. పట్టికలో లేని గాయమైతే, సంపాదనా శక్తి ఎంత పోయిందో అంచనా వేసే పని సెక్షన్ 4(1)(సి)(ii) నేరుగా డాక్టరుకు అప్పగించింది.

సమస్య ఇక్కడే ఉంది. చట్టం అడిగేది సంపాదన గురించి. డాక్టరు చదువుకున్నది శరీరం గురించి. నా ఫీల్డ్ వర్క్‌లో కలిసిన ఒక అడ్డా కూలీ, ఇటుకలు మోసే మహిళ, భుజం విరిగాక జరిగిన పరీక్షను రెండు ముక్కల్లో చెప్పింది: "ఏం పని చేస్తవని అడగలే బిడ్డా. చెయ్యి లేపమన్నడు, లేపినకాడికి రాసుకున్నడు." ఆమె సర్టిఫికెట్ మీద 20 శాతం అని ఉంది. ఆ చెయ్యి తల మీదికి లేవదు. తల మీదికి తట్ట ఎత్తుకోలేని మనిషిని ఏ మేస్త్రీ పనికి పిలుస్తాడు?

ఆ శాతం విలువ ఎంతో ఒక లెక్క చూద్దాం. చట్టం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ నెల వేతనం 2020 జనవరి నుంచి 15,000 రూపాయలు. అందులో 60 శాతం 9,000. వయసు 40 ఏళ్లయితే గుణకం 184.17. పూర్తి శాశ్వత వైకల్యానికి 16,57,530 రూపాయలు వస్తాయి. 20 శాతం అని రాస్తే 3,31,506. పదమూడు లక్షలకు పైగా తేడా "ఏం పని చేస్తావు" అన్న ఒక్క ప్రశ్నలో ఉంది.

సుప్రీంకోర్టుకు ఈ తేడా తెలుసు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి వంద శాతం నష్టం కట్టడాన్ని 1975లోనే సమర్థించింది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదని గుర్తించింది. 2008లో కె. జనార్దన్ కేసులో కాలు పోయిన ట్యాంకర్ డ్రైవరుకూ అదే వర్తింపజేసింది. 2010లో రాజ్ కుమార్ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది: శరీర వైకల్యం ఎంతో డాక్టరు చెప్పాలి, దానివల్ల సంపాదన ఎంత పోయిందో ట్రిబ్యునల్ తేల్చాలి. అయితే అది రోడ్డు ప్రమాదాల కేసు. పరిహార చట్టంలో ఆ రెండో పని కూడా డాక్టరు చేతిలోనే ఉంది. పైగా సెక్షన్ 30 ప్రకారం హైకోర్టుకు వెళ్లాలంటే ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండాలి. శాతం మీద గొడవను "అది వాస్తవానికి సంబంధించినది" అని పక్కన పెట్టడం తేలిక.

దీన్ని నేను కులం ప్రశ్న అంటాను. "ఈ పని చేయలేకపోతే ఇంకో పని చేసుకోవచ్చు" అన్న ఊహ ఆ 20 శాతం వెనక ఉంది. ఆ ఇంకో పని ఎవరికి దొరుకుతుంది? కులం పనులనే కాదు, పనిచేసే మనుషులనూ మెట్లుగా విడగొట్టిందని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. చదువుకు, భూమికి, కొట్టుకు దూరంగా ఉంచిన మనిషికి ఒళ్లే పెట్టుబడి. గుమాస్తా భుజానికీ హమాలీ భుజానికీ ఒకే శాతం రాయడం సమానత్వం కాదు.

2023 అక్టోబరులో బలరాం సింగ్ కేసులో, మురుగు కాలువల పనిలో శాశ్వత వైకల్యం పొంది ఆర్థికంగా నిస్సహాయులైన వారికి కనీసం 20 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కొలత మనిషి బతుకు. ఆ కొలత మిగతా కూలీలకు ఎందుకు ఉండకూడదు?

అంబేడ్కర్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే 1944లో కార్మికుల ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదిక వచ్చింది. దాని పునాది మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. అందులో వైకల్యాన్ని మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది, దాని మీద అప్పీలు ఉంది. లోపాలు అక్కడా ఉన్నాయి. అయినా ఒక్కరి మాటే చివరి మాట కాదు. ఈఎస్ఐ గడప తొక్కలేని అడ్డా కూలీకి ఆ పాటి రక్షణ కూడా లేదు.

కాబట్టి మనం అడగాల్సినవి నాలుగు. ప్రతి సర్టిఫికెట్‌లో కూలీ చేసే పని, వయసు, చదువు రాయాలి. సంపాదన నష్టం తేల్చే అధికారం కమిషనరుకు ఉండాలి. యజమానితో సంబంధం లేని డాక్టరు దగ్గర రెండో పరీక్ష కోరే హక్కు కూలీకి ఉండాలి. చికిత్స ఖర్చు బిల్లుల తర్వాత కాదు, ఆసుపత్రిలో చేరిన రోజే యజమాని కట్టాలి.

ఇక్కడ లా, సోషల్ వర్క్, మెడిసిన్ చదివేవాళ్లు ఉన్నారు. మీ జిల్లాలో కమిషనర్ ఉత్తర్వులు పది తీసి చదవండి. డాక్టరును క్రాస్ ఎగ్జామిన్ చేసినవి ఎన్నో, కూలీ చేసే పని గురించి ఒక్క ముక్కైనా ఉన్నవి ఎన్నో లెక్క పెట్టండి. ఆ లెక్కతో మళ్లీ కూర్చుందాం.

జై భీమ్.