ఫోటో వెనక నాలుగు మాటలు

 

1860లో ఇంగ్లండులోని రైగేట్ పట్టణంలో ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనే ఆయన ఫోటోల కంపెనీ పెట్టారు. బ్రిటన్‌లోని ప్రతి ఊరినీ ఫోటో తీయించాలన్నది ఆయన సంకల్పం. 1898లో ఆయన కన్నుమూసినా కంపెనీ ఆ పని ఆపలేదు. సంత వీధులు, చర్చిలు, వంతెనలు, సముద్రతీరాలు... అలా దాదాపు 7,000 ఊళ్లు ఫోటోలకెక్కాయి. అవే పోస్టుకార్డులుగా ఇంటింటికీ చేరాయి. 1970 ప్రాంతంలో కంపెనీ మూతపడింది. ఆ నిధి చెత్తపాలు కాకుండా దక్కిందంటే ఫోటోగ్రఫీ చరిత్రకారుడు బిల్ జే చూపిన చొరవే కారణం.

ఇప్పుడు అక్కడి పెద్దలు తమ ఊరి పాత ఫోటోకు చిన్ననాటి సంగతులు రాసి జతచేస్తున్నారు. మిఠాయి కొట్టు ఎక్కడుండేది, బడికి ఏ దారిన నడిచేవారు, ఆ తలుపు వెనక ఎవరుండేవారు. కెమెరా వీధిని చూపగలదు గానీ, ఈ సంగతులు చెప్పలేదు. అవి మనిషే చెప్పాలి.

మన బడి గ్రూపు ఫోటోలూ అంతే. ముందు వరుస కుర్చీల్లోని మాస్టార్లను అందరం గుర్తుపడతాం. వెనక బెంచీ ఎక్కి నిలబడ్డ పిల్లల పేర్లు, ఓ పక్కగా నిలబడ్డ గంట కొట్టే ప్యూను పేరు చెప్పగలిగినవాళ్లు ఈ సభలో కొందరే ఉన్నారు. వజ్రోత్సవం నాటికి ఎందరం మిగులుతామో!

భోజనాలయ్యాక ఫోటోలన్నీ బల్ల మీద పరుస్తాం. గుర్తున్న పేరు, సంవత్సరం, ఒక్క ముచ్చట పెన్సిలుతో వెనక రాసి వెళ్లండి. గురువుగారూ, మొదటి పేరు మీరే రాయాలి.

సెలవు.