పసిబిడ్డ – పుట్టినరోజు కేకు

తొలి పుట్టినరోజు మన యిండ్లలో పెద్ద పండుగ. బిడ్డకు తలంటి, క్రొత్తబట్టలు తొడిగి, పెద్దలు అక్షతలు వేసి దీవించుట మన వాడుక. ఇటీవల దీనికి మరొక వేడుక తోడైనది. ఫోటో స్టూడియోలో బిడ్డను నేలపై కూర్చుండబెట్టి, ఎదుట చిన్న కేకు ఉంచుదురు. బిడ్డ దానిని చేతులతో చిదిమి, మూతికి పూసికొనుచుండగా చిత్రములు తీయుదురు. అమెరికాలో బహుళ ప్రచారము పొందిన ఈ వేడుకకు ‘కేక్ స్మాష్’ అని పేరు. నేడు హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలోను ఇది వాడుకలోనికి వచ్చినది.

క్రిందటి సంవత్సరము మా మేనకోడలి కుమారునితో అట్టి స్టూడియోకు మేమును వెళ్ళితిమి. పిల్లవానికి నిద్రవేళ దాటినది. తలపై కిరీటము, చుట్టును బుడగలు, ఎదురుగా కన్నులు మిరుమిట్లు గొలుపు దీపములు. కేకు అప్పుడే ఫ్రిజ్ నుండి తీసినది. వ్రేలు తాకగానే వాడు ఉలికిపడి చేయి వెనుకకు తీసికొనెను. ఆలస్యమగుచున్నదని పెద్దలలో ఒకరు ఆ చేతిని పట్టి కేకులో అదిమిరి. అంతే, వెక్కి వెక్కి యేడ్చెను. చెల్లించిన సొమ్ము వృథా యగునని మరి రెండు మారులు ప్రయత్నము జరిగినది. వలదని చెప్పక చూచుచు నిలిచిన దోషము మాదియును.

అన్నప్రాశననాడు మన పెద్దలు చేయునది జ్ఞప్తికి తెచ్చుకొందము. పుస్తకము, కలము, బంగారము మొదలగువానిని ముందుంచి, బిడ్డ ప్రాకి వెళ్ళి దేనిని ముట్టుకొనునో యని అందరును వేచియుందురు. చేయి పట్టి పుస్తకముపై పెట్టినచో ఆ వేడుకకు అర్థమే లేదు. కేకు విషయములోను ఇదియే ధర్మము. మనము సిద్ధపరచవచ్చును గాని, ముట్టుకొనుట బిడ్డ యిష్టము.

ఇక సన్నాహము. వారము ముందునుండి ఇంటివద్ద పళ్ళెములో మెత్తని పెరుగన్నమో, చిదిమిన అరటిపండో పెట్టి ఆడుకొననీయవలెను. చేతికి జిగురంటుట కొందరు బిడ్డలకు గిట్టదు. ఆ సంగతి ముందే తెలియును. నిద్రలేచి, కొంచెము కడుపు నిండిన వేళకే చిత్రములు పెట్టుకొనవలెను.

ఆ ప్రాయపు బిడ్డకు క్రొత్తవారనిన బెదురు సహజము. 19వ శతాబ్దిలో ఫోటో తీయుటకు బిడ్డ కొన్ని క్షణములు కదలక యుండవలసి వచ్చెడిది. అందుచే పాశ్చాత్యదేశములలో తల్లి తనపై వస్త్రము కప్పుకొని, తాను చిత్రములో కనబడకుండ, బిడ్డను పట్టుకొని కూర్చుండెడిది. నేటి కెమేరాకు రెప్పపాటు చాలును. తల్లి దాగవలసిన పని లేదు; కెమేరా ప్రక్కనే బిడ్డ కంటికి కనబడుచు మాటలాడుచుండవలెను.

రెండేండ్లు నిండని బిడ్డలకు చక్కెర అధికముగా గల ఆహారము ఈయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. కనుక గోధుమపిండి, గుడ్డు, బాగుగా మాగిన అరటిపండుతో చిన్న కేకు చేసి, క్రీమునకు బదులు నీరు వడగట్టిన గట్టి పెరుగు పూసినచో చాలును. గోధుమ, గుడ్డు, పాలు బిడ్డకు పడునో లేదో కొన్ని దినములు ముందుగా ఒక్కొక్కటిగా చూచుకొనవలెను. ఆనాడు క్రొత్త పదార్థము పెట్టరాదు. చిత్రములు తరచుగా పుట్టినరోజునకు ముందే తీయింతురు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఎంతమాత్రము వలదు. దానివలన బొటులిజము అను ప్రమాదకరమైన వ్యాధి రావచ్చును. గట్టి చక్కెర గుండ్లు, జీడిపప్పు, ద్రాక్షపండ్లు గొంతున అడ్డుపడును. పైన చల్లు మెరుపుపొడి విషము కాదని వ్రాసియున్నంత మాత్రమున తినదగినది కాదని అమెరికా ఆహార, ఔషధ శాఖ 2018లో హెచ్చరించినది. కేకును అరగంట ముందు వెలుపల ఉంచినచో చల్లదనము విరుగును. పెద్ద కేకు పాడుచేయుట చూడలేని నాయనమ్మలు, అమ్మమ్మలు ఉందురు. వారి బాధ న్యాయమైనది. అరచేతియంత కేకు చాలును.

ఆనాడు మా మేనకోడలు ఇంటికి వచ్చి పిల్లవానిని నిద్రపుచ్చినది. సాయంకాలము వాని ముందు పప్పన్నపు పళ్ళెము పెట్టినది. వాడు మోచేతులదాక పూసికొని నవ్వుచుండగా తండ్రి సెల్‌ఫోనుతో ఒక చిత్రము తీసెను. ఆ యింటి గోడపై నేడున్నది అదియే. స్టూడియో చిత్రములు కవరులోనే యున్నవి.

కావున, తల్లిదండ్రులారా, బిడ్డ యేడ్చినచో కిరీటము తీసి, చేతులు కడిగి, ఎత్తుకొని ఇంటికి రండు. సొమ్ము కొంత పోవును. బిడ్డకు మీపై గల నమ్మకము నిలుచును.