ఎల్లాప్రగడ వారి సహాధ్యాయులు

శ్రీహరికోట పేరు విన్నంతనే ఆకసమున కెగయు రాకెట్లు మనసున మెదలును. అచటి అంతరిక్ష కేంద్రమునకు 2002లో సతీష్ ధావన్ గారి పేరు పెట్టి దేశము తన కృతజ్ఞతను తెలుపుకొన్నది. ఆ దీవి మొదలు ఉత్తరముగా సాగు మన కోస్తాకు మేలు చేసిన మరియొకరిని నేడు స్మరింపదలచితిమి.

భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్స బోధించు దొరకు అది రుచింపలేదు. తోడి విద్యార్థులు కోరు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు వీరికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. దక్కినది. 1923లో అమెరికా చేరిరి. మరల స్వదేశమును చూడలేదు.

దోమకాటుచే వ్యాపించు బోదకాలు మన తీరవాసులను తరతరములుగా కుంగదీసినది. లెడర్లీ ప్రయోగశాలలో వీరి నాయకత్వమున 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజీన్ దానికి మందైనది. ముదిరిన వాపును ఆ బిళ్ళ తీర్పజాలదు. రక్తమున తిరుగు పురుగు పిల్లలను హరించి, వ్యాధి పొరుగువారికి సోకకుండ కాపాడును.

1948 ఆగస్టు 8న సుబ్బారావు గారు న్యూయార్కులో 53 ఏండ్లకే కన్నుమూసిరి. ఆయనతో చదివినవారును నేడు లేరు. ‘మా సహాధ్యాయి’ యని తలచుకొను బాధ్యత ఇక మనది.

ఆరోగ్య సిబ్బంది ఆ బిళ్ళ ఇచ్చినపుడు, ‘మాకు జబ్బు లేదుగదా’ యని చూరున దోపువారు కలరు. శ్రోతలారా, సిబ్బంది చెప్పినట్లు వారి యెదుటనే మ్రింగుడు; పిల్లలకు ఆ మహనీయుని పేరు చెప్పుడు. పొరుగువాని కాలు వాయకుండుటయే ఆయనకు తగిన స్మారకము.