విత్తనం మన బుట్టలోనే ఉండాలె
(సమాఖ్య వార్షిక మహాసభలో విత్తన కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నారు. మేము చెప్పేది ఇంకో పొదుపు గురించి. దీనికి పాసుబుక్కు లేదు, బుట్ట ఉంది.

మూడేండ్ల కింద మా ఊళ్ళో పచ్చజొన్న విత్తనం ఏ ఇంట్లోనూ దొరకలేదు. అందరం పత్తికి పోయినం. ఆ ఏడే కొనుక్కొచ్చిన కంది ప్యాకెట్లు సగం మొలవలేదు. అదను పోయింది, అప్పు మిగిలింది. చివరికి ఒక అవ్వ దూలానికి కట్టిన నాలుగు జొన్న కంకులు దించి ఇచ్చింది. "తినకండి బిడ్డా, ఏసుకోండి" అన్నది. మా కమిటీ ఆ నాలుగు కంకులతో మొదలైంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పని ఎన్నో ఏండ్లుగా చేస్తున్నాయి. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి ఊరూరా పాత పంటల జాతర జరుపుతారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడి అక్కల్లో చాలామందికి చదువు రాదు, విత్తనం మాత్రం బాగా తెలుసు.

మేమూ తప్పు చేసినం. మొదటి ఏడు అనుములు సరిగ్గా ఎండకముందే కుండలో పోసినం. పురుగు పట్టి అంతా పిండయింది. ఇప్పుడు చేను నడుమ నుంచి రోగం లేని మంచి కంకులు ఏరుతున్నాం. ఒక్క మొక్క నుంచి కాదు, చాలా మొక్కల నుంచి తీస్తున్నాం. గింజ పంటి కింద కటుక్కుమనేదాకా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన బుట్టలో దాస్తున్నాం. విత్తే ముందు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి, నాలుగైదు రోజులకు మొలకలు లెక్కబెడుతున్నాం. 75 కంటే తగ్గితే విత్తనం ఎక్కువ పోయాలె.

మా దగ్గర సోలెడు తీసుకున్నోళ్ళు పంటకు రెండు సోలలు తిరిగి పెడతారు. పంట పోయినోళ్ళను అడగం, మళ్ళీ ఇస్తాం.

విత్తనం ఇచ్చిపుచ్చుకుంటే కేసు అవుతుందా అని కొందరు అడుగుతున్నారు. కాదు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం మన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మడమే కూడదు.

అక్కలారా, బుట్టలో పెట్టి మరిచిపోతే విత్తనం చచ్చిపోతుంది. మంది చేతులు మారితేనే బతుకుతుంది. ఊరికి ఇద్దరు ముందుకు రావాలె. జీతం లేదు. కోతప్పుడు కొన్ని రోజులు, వానలకు ముందు కొన్ని రోజులు పని. మీ ఇండ్లల్లో దూలాలకు, ఉట్లల్లో ఏమన్నా పాత గింజలుంటే వచ్చే నెల మీటింగుకు పిడికెడు తెండి. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె జొన్న మాత్రం ఈ ఏడు మా చేన్లల్లో కంకి పట్టింది.

సెలవు.